ఒక కుక్క, రెండు పిల్లులు, చిన్న పెరడు: చెత్తబుట్టకంటే ముందు గిన్నెను తూచిన కేసు

ఏడేళ్ల ఆడకుక్క ఒకటి, పిల్లులు రెండు ఉన్న ఇల్లు ఇది. మనుషులు నలుగురు. ఇంటి వెనక కాస్త పచ్చగడ్డి, నాలుగైదు పూల పొదలు, ఒక మూల కూరగాయల మడి. కుక్క బరువు 27 కిలోలు. పిల్లుల్లో మగదానికి పదకొండేళ్లు, 5.1 కిలోలు. ఆడదానికి మూడేళ్లు, 4.2 కిలోలు. పగలంతా బయట తిరిగేది ఈ చిన్నదే. మూడింటికీ సంతాన నియంత్రణ ఆపరేషన్ అయింది.

ఇంటివాళ్లు మమ్మల్ని అడిగింది ఒక్కటే. కుక్క మలాన్ని కంపోస్టు చేయడం మొదలుపెట్టారు, కంపు భరించలేకపోతున్నారు, దానికి విరుగుడు కావాలి. పర్యావరణం పట్ల వాళ్లకు శ్రద్ధ లేదనడానికి వీల్లేదు. మట్టిలో కలిసిపోతాయన్న సంచులు, వెదురు గిన్నెలు, జనపనార బొమ్మలు అన్నీ కొన్నారు. అయినా వారం తిరిగేసరికి చెత్తబుట్ట నిండుతూనే ఉంది. పెంపుడు జంతువులున్న ఇళ్లలో ఇది మామూలే. కొనే వస్తువుల మీద ఉన్న దృష్టి రోజూ ఇంట్లోకి ఎన్ని గ్రాములు వస్తున్నాయో, ఎన్ని గ్రాములు బయటికి పోతున్నాయో అన్నదాని మీద ఉండదు.

అందుకని ముందు ఏమీ మార్చొద్దని చెప్పి, ఒక వారం అన్నీ తూయించాం. పనిముట్లు రెండే: గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు, బక్కెట్టును వేలాడదీసి తూచే స్ప్రింగు త్రాసు. కుక్క మలం ఒక బక్కెట్టు, పిల్లుల లిట్టర్ (మలమూత్రాల కోసం ట్రేలో పోసి ఉంచే పొడి) ఒక బక్కెట్టు, గిన్నెల్లో మిగిలి పారేసే తిండి ఒక డబ్బా. మూడూ వేర్వేరుగా తూయాలి. కలిపి తూస్తే ఏది ఎక్కువో తెలియదు, తూచినా తూయకపోయినా ఒకటే.

వారానికి తేలిన లెక్క ఇది. కుక్క మలం 2.2 కిలోలు. పిల్లుల మలమూత్రాలతో సహా లిట్టర్ 4.8 కిలోలు. పారేసిన తిండి అర కిలో. ఇంటివాళ్లు గొడవపడుతున్న కుక్క మలంకంటే, గొడవే లేదనుకున్న లిట్టర్ రెట్టింపుకు మించి ఉంది.

గిన్నెలోకి వెళ్లేది

కుక్కకు రోజుకు రెండు కప్పుల పొడి మేత అని చెప్పారు. అదే కప్పుతో ఇంట్లో ఇద్దరు వేర్వేరుగా పోస్తే ఒకరి చేతిలో 145 గ్రాములు, ఇంకొకరి చేతిలో 175 గ్రాములు వచ్చింది. కప్పుతో కొలిస్తే ఇదే ఇబ్బంది. గింజ సైజు మారినా, కప్పు మీద గుట్టగా పోసినా బరువు మారిపోతుంది. సగటున రోజుకు 320 గ్రాములు, గ్రాముకు 3.6 కేలరీల లెక్కన 1,150. దానికి తోడు బిస్కెట్లు, భోజనాల బల్ల కింద అందే ముక్కలు కలిపి ఇంకో 250. మొత్తం 1,400 కేలరీలు.

పశువైద్యుడు చూసి ఆ కుక్క ఉండాల్సిన బరువు 23 కిలోలని తేల్చారు. విశ్రాంతిలో ఉన్న జంతువుకు రోజుకు కావలసిన శక్తిని లెక్కకట్టే సూత్రం ఇది: బరువును కిలోల్లో తీసుకుని 0.75 ఘాతానికి హెచ్చించి, 70తో గుణించాలి. 23 కిలోలకు అది సుమారు 735 కేలరీలు. బరువు తగ్గించాల్సిన కుక్కకు, అది చేరాల్సిన బరువు మీద వచ్చిన ఈ సంఖ్యతోనే మొదలుపెట్టడం వాడుక. ఇందులో పది శాతం, అంటే 70 చిల్లర కేలరీలు, చిరుతిళ్లకు పక్కన పెట్టాం. మిగిలిన 660కి 184 గ్రాముల మేత. పొద్దున త్రాసు మీద తూచి ఒక డబ్బాలో పోసి పెడతారు. ఆ రోజు ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. బిస్కెట్ల బదులు ఉడికించిన బీన్స్, క్యారెట్ ముక్కలు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, జైలిటాల్ కలిసిన తీపి పదార్థాలు కుక్కకు విషం కాబట్టి మనుషుల పళ్లెంలోవి ఏవీ వద్దన్నాం.

వారానికి శరీర బరువులో 1 నుంచి 2 శాతం వరకు తగ్గడం క్షేమం. అంతకంటే వేగంగా తగ్గితే మేత పెంచాలి. ఈ కుక్క నెమ్మదిగా, వారానికి ఒక శాతంలోపే తగ్గుతూ అయిదు నెలల్లో 23.6 కిలోలకు వచ్చింది. మా లెక్కలో అసలు విశేషం వేరే ఉంది: వారపు మలం 2.2 కిలోల నుంచి 1.5 కిలోలకు పడిపోయింది. కంపోస్టు డ్రమ్ముతో పని లేకుండానే కుక్క వ్యర్థంలో మూడో వంతు తగ్గిందన్నమాట.

మేతను ఇంతగా పట్టించుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ ఓకిన్ 2017లో ప్రచురించిన అంచనా ప్రకారం, అమెరికాలో పశుసంపద ఉత్పత్తి వల్ల భూమి, నీరు, ఇంధనం, రసాయనాల పరంగా పడే భారంలో 25 నుంచి 30 శాతం కుక్కలు, పిల్లుల తిండిదే. ఇలాంటి భారం ముందు వెదురు గిన్నె చేసే మేలు లెక్కకు కూడా రాదు.

ఈ ఇంట్లో ఇంకో ఆలోచన కూడా నడుస్తోంది: పిల్లులను పూర్తి శాకాహారానికి మార్చడం. వద్దన్నాం. పిల్లి శరీరం టారిన్ అనే అమైనో ఆమ్లాన్ని తనకు సరిపడా తయారుచేసుకోలేదు. అది లోపిస్తే గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనే పశువైద్యులు రుజువు చేశారు. కంటి రెటీనా కూడా దెబ్బతింటుంది. వంటింట్లో కూరగాయలతో సర్దుకునే విషయం కాదిది. భారం తగ్గించాలంటే గొడ్డుమాంసం ఎక్కువున్న మేత నుంచి కోడి, లేదా కండ మాంసం బదులు కాలేయం, గుండె వంటి అవయవాలు వాడిన మేతకు మారొచ్చు. ప్యాకెట్ మీద "సంపూర్ణ ఆహారం" అని ఉండాలి. "అనుబంధ ఆహారం" అని ఉంటే అదొక్కటే పెట్టి పెంచకూడదు.

పారేస్తున్న అర కిలో తిండి పిల్లులదే. తడి మేత డబ్బా మొత్తం ఒకేసారి గిన్నెలో వేస్తే ఎండి అట్టకట్టి, పిల్లి ముఖం తిప్పుకుంటుంది. రోజుకు నాలుగు పూటలుగా విడగొట్టి, ఫ్రిజ్‌లోంచి తీసిన భాగాన్ని కొంచెం గోరువెచ్చ చేసి పెడితే సరిపోయింది. పిల్లిని పస్తు పెట్టి దారికి తేవాలని మాత్రం చూడకూడదు. రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ బొద్దుగా ఉన్న పిల్లి అయితే, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

కంపు కొట్టిన డ్రమ్ము

వాళ్లు పాటించిన పద్ధతికి ఆధారం ఉంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో మంచుబండ్లు లాగే కుక్కల శాలల అనుభవం నుంచి అమెరికా వ్యవసాయ శాఖ 2005లో ఒక మార్గదర్శిక వెలువరించింది. రెండు పాళ్ల కుక్క మలానికి ఒక పాలు రంపపు పొట్టు కలపమని అందులో ఉంది. ఆ కొలత ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ తిరుగుతోంది. అయితే అది పదులకొద్దీ కుక్కలున్న శాలకు చెప్పిన లెక్క. అక్కడ ఒకేసారి పెద్ద కుప్ప వేయొచ్చు. కుప్ప మధ్యలో పుట్టిన వేడి బయటికి పోయేలోపే ఇంకా వేడి పుడుతుంది. ఒక్క కుక్క ఉన్న ఇంట్లో రెండు నెలలు కూడబెట్టినా 12 లీటర్ల మలం, 6 లీటర్ల పొట్టు. పెద్ద డ్రమ్ము అడుగున 18 లీటర్ల ముద్ద పడి ఉంటే అది కంపోస్టు కాదు, నిల్వ. ఈ ఇంట్లో దాని మధ్యలో థర్మామీటరు గుచ్చితే బయటి గాలికంటే రెండు డిగ్రీలు ఎక్కువ చూపించింది.

పైగా మలాన్ని సంచులతో సహా వేశారు. కంపోస్టులో కలిసిపోతాయని ముద్ర ఉన్న సంచుల్లో చాలావాటికి ఆ ముద్ర ఈఎన్ 13432, ఏఎస్‌టీఎం డి6400 వంటి ప్రమాణాల ప్రకారం వస్తుంది. అవి పరిశ్రమ స్థాయి కంపోస్టు కేంద్రాలను, అంటే 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి నిలిచే వేడిని దృష్టిలో పెట్టుకున్నవి. చల్లటి పెరటి డ్రమ్ములో ఆ సంచి నెలలు గడిచినా సంచిలాగే ఉంటుంది, లోపల గాలాడక మలం కుళ్లుతుంది. "ఆక్సో డిగ్రేడబుల్" అని అమ్మే ప్లాస్టిక్ సంచులు ఇంకా అధ్వానం, ముక్కలై మట్టిలో మిగిలిపోతాయి. యూరోపియన్ యూనియన్ 2019 నాటి ఆదేశంతో వాటిని నిషేధించింది. పెరట్లో అయితే సంచే అక్కర్లేదు, చిన్న పార చాలు. వీధిలో తీయాల్సి వస్తే ఏ సంచితో తీసినా, మలాన్ని డ్రమ్ములో దులిపి సంచిని చెత్తలో వేయాలి.

కొత్త ఏర్పాటు రెండు భాగాలు: కూడబెట్టే బక్కెట్టు, ఉడికించే డ్రమ్ము.

బక్కెట్టు 20 లీటర్లది. మూతకు నాలుగైదు రంధ్రాలు చేసి ఈగలు దూరకుండా లోపలి నుంచి సన్నటి జాలీ అంటించాం. బిగుతుగా మూసేస్తే గాలాడక కుళ్లు వాసన పుడుతుంది. అడుగున మూడు వేళ్ల మందాన పొడి పొట్టు, ఆపైన మలం పడ్డ ప్రతిసారీ అది కనబడకుండా పొట్టు కప్పాలి. పొట్టు శుభ్రమైన కలపది కావాలి. ప్లైవుడ్, రంగు వేసిన కలప, చెదలు పట్టకుండా మందు పెట్టిన కలప కోసిన పొట్టులో జిగురు, రాగి, పాత కలపైతే ఆర్సెనిక్ కూడా ఉండొచ్చు. వడ్రంగి దుకాణం పొట్టు అంటే ఏ కలపదో అడగకుండా తేకూడదు. చిత్రిక పట్టగా వచ్చే చుట్టలు కూడా పనికిరావు. అవి తేమను పొట్టు అంతగా పీల్చుకోవు, గాలిని మాత్రం ఎక్కువగా దూరనిచ్చి చల్లబరుస్తాయి.

డ్రమ్ము 200 లీటర్ల ప్లాస్టిక్‌ది. అడుగున పది మిల్లీమీటర్ల రంధ్రాలు ఇరవై దాకా, వాటి మీద ఎలుకలు రాకుండా 6 మిల్లీమీటర్ల కంతల ఇనుప జాలీ. చుట్టూ బయటివైపు 5 సెంటీమీటర్ల మందం ఫోము షీటు, మూత లోపలివైపు కూడా అదే. మధ్యలో నిలువునా రంధ్రాలు పొడిచిన 10 సెంటీమీటర్ల గొట్టం. మూత వాలుగా ఉండాలి. బల్లపరుపు మూత మీద నిలిచిన వాన నీరు గొట్టం చుట్టూ లోపలికి దిగుతుంది. డ్రమ్ము పెట్టే చోటు బావికి, కాలువకు, కూరగాయల మడికి ఎగువన ఉండకూడదు, ఎందుకంటే కింద నుంచి కారే నీటిలో క్రిములు ఉంటాయి.

ఎనిమిది వారాలకు ఒకసారి డ్రమ్ము నింపుతారు. అడుగున 15 సెంటీమీటర్లు ముతక చెక్కపేళ్లు. దాని మీద వేసే మిశ్రమం కొలతలు ఇవి: బక్కెట్టులో కూడిన 12 లీటర్ల మలం, 6 లీటర్ల పొట్టు, అప్పుడే కోసిన పచ్చగడ్డి 60 లీటర్లు, నలిపిన ఎండాకులు 40 లీటర్లు. అన్నీ టార్పాలిన్ మీద పోసి పారతో రెండుసార్లు తిరగేసి కలిపాకే డ్రమ్ములోకి. మలం పాలు ఇందులో పదో వంతే. డ్రమ్మును ఉడికించేది కుక్క కాదు, పచ్చగడ్డి. అందుకే నింపే రోజును గడ్డి కోసే రోజుతో ముడిపెట్టాం. గడ్డి కోసి రెండు రోజులు ఆరబెడితే వేడి పుట్టించే సత్తువ తగ్గిపోతుంది.

తేమ చూడటానికి తొడుగు వేసుకున్న చేత్తో గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువ, పొట్టు కలపాలి. చుక్క రాకపోగా గుప్పెడు విడిపోతే నీళ్లు చల్లాలి.

వేడి కొలవడానికి 50 సెంటీమీటర్ల పుల్ల ఉన్న కంపోస్టు థర్మామీటరు తప్పనిసరి. పైన చెయ్యి పెట్టి చూసి "బాగానే కాగింది" అనుకుంటే చాలదు. 55 డిగ్రీలు మూడు రోజులు నిలవాలన్నది మూసిన పాత్రల్లో కంపోస్టు చేసేటప్పుడు రోగక్రిములు చావడానికి అమెరికా పర్యావరణ సంస్థ మురుగు ఘనపదార్థాలకు పెట్టిన కొలబద్ద. పెరటి డ్రమ్ముకు అదే మాకు గీటురాయి. అయితే మధ్యలో 55 ఉన్నప్పుడు గోడ దగ్గర 40 కూడా ఉండదు. కాబట్టి వేడి 45 కిందికి దిగగానే మొత్తం బయటికి తీసి, అంచులో ఉన్నది మధ్యకు వచ్చేలా మళ్లీ నింపాలి. ఇలా కనీసం మూడుసార్లు, ప్రతిసారీ 55 దాటి మూడు రోజులు నిలిచేలా. 68, 70 దాటితే పనిచేసే సూక్ష్మజీవులే చస్తాయి, మూత తీసి కొంచెం నీళ్లు చల్లి కలపాలి.

ఈ ఇంటి డ్రమ్ములో మొదటి నింపుడు 61 డిగ్రీలకు ఎక్కింది, రెండో తిరగేతకు 57. మూడో తిరగేతలో 49 దగ్గరే ఆగిపోయింది. గడ్డి శక్తి అప్పటికే అయిపోవడమే కారణం. 15 లీటర్ల తాజా గడ్డి, పిల్లుల మూత్రం పీల్చిన పొట్టు రెండు లీటర్లు చేర్చాక మళ్లీ 56కు చేరింది. రెండో నింపుడులో మరో తంటా వచ్చింది. గడ్డిని కలపకుండా పొరగా వేశారు. పచ్చగడ్డి అరచేతి మందం దాటి పొరగా పడితే అతుక్కుపోయి జిగట చాపలా తయారవుతుంది, దాని కింద గాలి ఆడదు, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. వాసనను బట్టి రోగం చెప్పొచ్చు. కుళ్లిన గుడ్డు వాసన అంటే గాలి లేదు, ముతక పేళ్లు కలిపి తిరగేయాలి. ముక్కు మండించే అమోనియా అంటే నత్రజని ఎక్కువ, ఎండాకులో పొట్టో వేయాలి. ఏ వాసనా లేకుండా చల్లగా ఉంటే పరిమాణం చాలలేదు, లేదా ఎండిపోయింది. చీమలు పుట్ట పెడితే ఎండిపోయిందని ఖాయం.

డ్రమ్ములో వేయకూడనివి ఏవంటే: నులిపురుగుల మందు వేశాక రెండు వారాల మలం, విరేచనాలప్పటి మలం, కలుపుమందు కొట్టిన గడ్డి. చివరిది చాలామందికి తెలియదు. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ రకం మందులు కంపోస్టు వేడికి కూడా పూర్తిగా విరగవు, ఆ ఎరువు వేసిన చోట వెడల్పాకు మొక్కల చిగుళ్లు మెలితిరుగుతాయి. అనుమానం ఉంటే ఎరువు కలిపిన కుండీలో చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూసి, ఆ మొక్కలను పారేయాలి.

తయారైన ఎరువు కూరగాయలకు వద్దు, పండ్ల చెట్ల కింద రాలిన పండ్లు ఏరుకునే చోటా వద్దు. టాక్సోకారా అనే ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. పెరటి డ్రమ్ములో ప్రతి పిడికెడూ ఆ వేడి చూసిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏడాది మాగబెట్టి పూల పొదల మొదళ్లలో వేసి పైన ఆకు కప్పడం వరకే. డ్రమ్ముకు వాడే పార, తొడుగులు వేరుగా ఉంచి గుర్తు పెట్టాలి.

ఇంత శ్రమ వద్దనుకునే ఇంటికి ఏం చెప్తామంటే, కట్టుదిట్టంగా మూటగట్టి చెత్తలో వేయండి. సగం ఉడికిన డ్రమ్ముకంటే అది నయం. కచ్చితంగా తప్పయిన పని ఒకటే, ఎక్కడ వేస్తే అక్కడ వదిలేయడం. వానకు కొట్టుకుపోయి నీటి వనరుల్లో చేరేది అదే.

లిట్టర్

నెలకు 14 కిలోల గడ్డకట్టే బంకమట్టి వాడుతున్నారు. అది బెంటొనైట్, గనుల్లోంచి తవ్వి తెచ్చేది, ఏ విధంగానూ కుళ్లదు. దాని బదులు కలప పొట్టును అదిమి చేసిన గుళికలు పెట్టించాం. గుళిక తడి తగలగానే పొట్టుగా విచ్చుకుని రెండు మూడింతలు ఉబ్బుతుంది, కాబట్టి 3 సెంటీమీటర్లు పోస్తే చాలు. బంకమట్టిలా ఏడెనిమిది సెంటీమీటర్లు పోస్తే మార్పు వల్ల వచ్చిన లాభం పోతుంది. కంతలున్న ట్రే ఒకటి, దాని కింద మామూలు ట్రే ఒకటి. రోజూ ఊపితే విచ్చిన పొట్టు కిందికి జారుతుంది, ఎండు గుళికలు పైన మిగులుతాయి. పొయ్యిల్లో కాల్చడానికి అమ్మే గుళికల్లో మంట త్వరగా అంటుకునే పదార్థాలు కలిపినవి ఉంటాయి, అవి కాకుండా చూసుకోవాలి.

రెండు పిల్లులకు మూడు ట్రేలు. ఒక్కో పిల్లికి ఒకటి చొప్పున, అదనంగా ఇంకొకటి అన్నది పశువైద్యులు చెప్పే లెక్క.

ఇక్కడ దెబ్బ తిన్నది తొందరపాటు వల్ల. మూడు ట్రేల్లోనూ ఒకే రోజు మార్చేశారు. చిన్న పిల్లి పట్టించుకోలేదు. ముసలి పిల్లి పరుపు మీద పోయడం మొదలుపెట్టింది. మగ పిల్లి ట్రే బయట పోస్తుంటే ముందుగా చూడాల్సింది దాని అలవాటును కాదు, మూత్రనాళాన్ని. మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క రాకపోతే నాళం మూసుకుపోయినట్టు, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ఈ పిల్లికి పరీక్షలో అలాంటిదేమీ తేలలేదు. ముసలి కాళ్లకు గుళికలు గుచ్చుకుంటున్నాయి, అంతే. ఒక ట్రేలో పాత బంకమట్టి వెనక్కి తెచ్చి, ఇంకో ట్రేలో గుళికలను నీళ్లతో ముందే విచ్చదీసి ఆరబెట్టిన మెత్తటి పొట్టు పోశాం. బంకమట్టిలో ఆ పొట్టును మొదటి వారం నాలుగో వంతు, మూడో వారానికి సగం కలిపారు. అయిదో వారంలో పూర్తిగా మారింది. ట్రే అంచు ఒకవైపు 8 సెంటీమీటర్లకు కోయడం కూడా పనిచేసింది, ఎక్కి దిగడం తేలికైంది.

పిల్లి మలం డ్రమ్ములోకి రాదు, టాయిలెట్‌లోకీ పోదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్ల వంటి తిత్తులు మలంతో బయటపడ్డాక ఒకటి నుంచి అయిదు రోజుల్లో సోకే దశకు చేరతాయి. మురుగునీటి శుద్ధిని తట్టుకుని నీటిలో కలుస్తాయి. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కల చావులకు ఈ పరాన్నజీవి ఒక కారణమని తేలింది. 2006లో అక్కడ చేసిన చట్టం ప్రకారం లిట్టర్ ప్యాకెట్ల మీద మలాన్ని టాయిలెట్‌లో వేయొద్దన్న సూచన ముద్రించాలి. కాబట్టి రోజూ మలాన్ని ఏరి, మూటగట్టి చెత్తలో వేయాలి. రోజూ తీస్తే అది సోకే దశకు రాకముందే ఇల్లు దాటుతుంది. గర్భిణులు ఈ పని చేయకూడదు. మూత్రం పీల్చిన పొట్టు మాత్రం డ్రమ్ముకు మంచి ఎరువే, నత్రజని దండిగా ఉంటుంది. మలం ముక్కలు పొట్టులో విరిగి కలిసిన రోజున దాన్ని కూడా చెత్తలోనే వేయమన్నాం.

పురుగుల మందులు, పక్షులు

నెల నెలా మూడు జంతువుల మెడ మీద, బొచ్చులో చేరి రక్తం పీల్చే ఫ్లీ పురుగుల మందు పోస్తున్నారు, పురుగు ఉందో లేదో చూడకుండానే. కుక్కకు వారం వారం స్నానం. అంటే పోసిన మందులో కొంత నేరుగా మురుగులోకి. ఇంగ్లండ్ నదుల నీటిలో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందులు దండిగా బయటపడటానికి పెంపుడు జంతువుల మీద వాడే ఈ మందులే ప్రధాన కారణమై ఉంటాయని సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంచనా వేశారు. నీటి పురుగులకు ఇవి అతి చిన్న మోతాదులోనే విషం.

మందు మానేయమని చెప్పలేదు. వారానికి రెండుసార్లు సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలినదాన్ని తడి తెల్ల కాగితం మీద వేయాలి. నల్లటి పొడి తడికి ఎర్రబారితే అది ఫ్లీ విసర్జన, జీర్ణమైన రక్తం. అప్పుడు మందు వేయాలి, ఇంట్లో మూడు జంతువులకూ ఒకేసారి. పక్కబట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి, నేలా సోఫా సందులూ రోజూ వాక్యూమ్ చేయాలి. మూడు వారాలకు మళ్లీ పురుగులు కనిపిస్తే మందు పనిచేయలేదని రెండో మోతాదు పోసేస్తుంటారు. ప్యూపా దశలో ఉన్నవాటి మీద మందు పనిచేయదు, అవి వారాల తరబడి దాగి అప్పుడు బయటపడతాయి. ఓపిక పట్టాలి. కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం, కుక్కకు పోసిన రోజు రెంటినీ దగ్గరికి రానీయొద్దు. టీ ట్రీ నూనె వంటివి "సహజం" కదా అని పిల్లికి రాయడమూ అంతే ప్రమాదం. పిడుదుల వల్ల జ్వరాలొచ్చే చోట, దోమల వల్ల గుండె పురుగు సోకే చోట మందు విరామాల నిర్ణయం పశువైద్యుడిదే. ఈ ఇంట్లో వైద్యుడితో మాట్లాడాక ఏడాది పొడవునా పన్నెండుసార్లు పోసేది దువ్వెన చూపినప్పుడు మాత్రమే పోయడంగా మారింది. మందు పోశాక కుక్కకు స్నానం, ఈత ఎన్నాళ్లు ఆపాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

చిన్న పిల్లి పక్షుల్ని పట్టి తెస్తోంది. మెడకు గంట కట్టారు, ఫలితం లేదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనంలో 219 ఇళ్లలోని 355 పిల్లుల మీద వేర్వేరు ఉపాయాలు పరీక్షించారు. మాంసకృత్తులు ఎక్కువగా, ధాన్యం లేకుండా ఉన్న మేత పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం. పక్షులకు కనబడే రంగురంగుల గుడ్డ పట్టీకి పక్షుల వేట 42 శాతం తగ్గింది. గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక్కడ రంగు పట్టీ, సాయంత్రం ఈకల కర్రతో ఆట పెట్టించాం. పట్టీ లాగితే ఊడివచ్చే కొక్కెంది అయి ఉండాలి, లేకపోతే కొమ్మకు చిక్కుకుని ఉరి పడుతుంది. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో పొద్దున, సాయంత్రం పిల్లిని ఇంట్లోనే ఉంచడం అన్నిటికంటే బాగా పనిచేసింది, పిల్లికి తప్ప అందరికీ నచ్చింది.

అయిదు నెలల తర్వాత

మళ్లీ వారం తూయించాం. కుక్క మలం 1.5 కిలోలు, అంతా డ్రమ్ముకే. పిల్లుల లిట్టర్ మలమూత్రాలతో కలిపి 3.2 కిలోలు, అందులో 2.5 కిలోల పొట్టు డ్రమ్ముకు, 0.7 కిలోలు చెత్తకు. పారేసే తిండి 60 గ్రాములు. ఎరువుగా మారకుండా వ్యర్థంగా మిగిలేది వారానికి ఏడున్నర కిలోల నుంచి 800 గ్రాములలోపుకు దిగింది.

తేలనిది ఒకటుంది. గడ్డి పెరగని కాలంలో డ్రమ్ము కాగదు. అప్పుడు కూడబెట్టే బక్కెట్లు రెండుకు మించి నిల్వ ఉంచొద్దని, మూడోది నిండే పరిస్థితి వస్తే ఆ మలాన్ని చెత్తకే పంపమని చెప్పాం. పచ్చగడ్డి బదులు కోళ్ల పెంట వాడే వీలుందా అని అడిగారు. వాడొచ్చు. గడ్డిలో నాలుగో వంతు పరిమాణంతో మొదలుపెట్టి, ఎండాకులు ఒకటిన్నర రెట్లు చేయాలి, లేకపోతే మొదటి రోజే అమోనియా ముక్కు పగలగొడుతుంది. కుక్క మేతను మాత్రం ఇప్పుడు పెంచాలి. 23 కిలోలకు చేరాక 735 కేలరీల దగ్గరే ఉంచితే ఇంకా తగ్గుతూ పోతుంది. రెండు వారాలకు పది శాతం చొప్పున పెంచుతూ, బరువు నిలకడగా ఆగిన చోట ఆ గ్రాముల అంకెను డబ్బా మీద రాసి అంటించమన్నాం.